పరుగు బాగా వచ్చినవాళ్లకి ఈతలో ఊపిరి ఎందుకు ఆడదు?

ప్రశ్న: వయసు 38, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హాఫ్ మారథాన్ రెండు గంటల లోపు పరిగెత్తగలను. వీకెండ్‌లో సైకిల్ మీద 60 కిలోమీటర్లు తిరిగొస్తాను. ఈత మాత్రం 50 మీటర్లకే ఊపిరాడక గట్టు పట్టుకుంటున్నాను. గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే రేసు) ఇంకా ఏడు నెలలుంది. పూల్‌లో ట్రైనర్ రోజూ 40 ల్యాప్‌లు కొట్టమంటున్నారు, స్టామినా పెరగడానికి ఊపిరి బిగబట్టి ఈదమంటున్నారు. ఇంత పరిగెత్తేవాడికి ఈతలో ఎందుకిలా అవుతోంది? ఏడు నెలలు సరిపోతాయా?

సమాధానం:

ఏడు నెలలు సరిపోతాయి. రోజూ 40 ల్యాప్‌లు కొట్టుకుంటూ పోతే మాత్రం చాలవు. ఊపిరి బిగబట్టి ఈదడం ఇవాళే ఆపేయండి. ముందు దాని సంగతే చెప్తాను, ఎందుకంటే అది ప్రాణం మీదికి తెచ్చే పని.

మనకి ఊపిరి తీసుకోవాలని అనిపించేది ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు, ఆక్సిజన్ తగ్గినందుకు కాదు. నీళ్లలోకి దిగేముందు గబగబా నాలుగు పెద్ద శ్వాసలు తీసి బిగబట్టారనుకోండి, కార్బన్ డయాక్సైడ్ ముందే తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. ఈలోపు ఆక్సిజన్ పడిపోయి స్పృహ తప్పుతుంది. గిలగిలలాడటం, చేతులు కొట్టుకోవడం ఏమీ ఉండవు. గట్టు మీదున్నవాళ్లకి నీళ్లలో మనిషి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా నడుము లోతు నీళ్లలో ఇలా పోయారు. మీ ట్రైనర్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండొచ్చు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకండి.

ఇక మీ అసలు ప్రశ్న. 21 కిలోమీటర్లు పరిగెత్తే గుండెకి, ఊపిరితిత్తులకి 50 మీటర్ల ఈత ఓ లెక్కలోది కాదు. మీకు లేనిది స్టామినా కాదు. నీళ్లలో ఒళ్లు బల్లపరుపుగా పడుకోవడం రాలేదు, నీళ్లలో ఊపిరి వదలడం రాలేదు. ఈ రెండూ రాకుండా 40 ల్యాప్‌లు కొడితే ఒళ్లు ఆ తప్పుడు ఈతనే కంఠతా పట్టేస్తుంది. తర్వాత దాన్ని మాన్పించడానికి రెట్టింపు సమయం పడుతుంది.

నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. మీ వేగం రెట్టింపైతే నీటి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుని వెళ్లడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పరుగులో 10 శాతం ఎక్కువ శక్తి పెడితే వేగం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఈతలో అదే 10 శాతానికి పెరిగేది 3 శాతమే. అందుకే ఫిట్‌నెస్ ఉన్న రన్నర్ నీళ్లలో ఎంత బలం పెడితే అంత త్వరగా అలసిపోతాడు గానీ ముందుకు మాత్రం కదలడు. అడ్డు తగ్గించుకున్నవాడు ఆ బలంలో సగంతోనే దాటిపోతాడు. పొట్ట ఉన్న అరవై ఏళ్ల పెద్దాయన పక్క లేన్‌లో తాపీగా మిమ్మల్ని దాటి వెళ్తున్నారంటే కారణం ఇదే.

మీ వీడియో చూడకపోయినా, పరుగు నుంచి ఈతకి వచ్చిన మగవాళ్లలో దాదాపు ప్రతిసారీ కనిపించేది చెప్తాను, మీకు సరిపోతుందో లేదో చూసుకోండి. తల పైకెత్తి ఎదుటి గోడవైపు చూస్తుంటారు. ఒళ్లు నీళ్లలో తక్కెడ లాంటిది, తల లేచినంతా నడుము, కాళ్లు దిగిపోతాయి. దిగిన కాళ్లని తేల్చడానికి గట్టిగా కొడతారు. అది కూడా మోకాలు మడిచి, సైకిల్ తొక్కినట్టు. తొడ కండరాలు ఒంట్లోకెల్లా పెద్దవి, ఆక్సిజన్‌ని అవే తినేస్తాయి. పైగా రన్నర్ల చీలమండలు బిగుసుకుని ఉంటాయి. పాదం వెనక్కి సాగదు, కొక్కెంలా కిందికి వేలాడుతుంది. కిక్‌బోర్డ్ (నీటి మీద తేలే పలక) పట్టుకుని కాళ్లు కొడుతుంటే ఉన్నచోటే ఉండిపోయేవాళ్లు, ఒక్కోసారి వెనక్కి వెళ్లేవాళ్లు కూడా ఉంటారు.

శ్వాస తీసుకునే క్షణాన్ని నీటి అడుగు నుంచి తీసిన వీడియోలో చూస్తే అసలు గుట్టు దొరుకుతుంది. కుడివైపు తల తిప్పుతున్నప్పుడు ఎడమ చెయ్యి ముందుకి చాచి ఉండాలి. కొత్తవాళ్లలో సరిగ్గా ఆ క్షణంలోనే ఆ చెయ్యి కిందికి నొక్కుతుంది. తల పైకి లేపడానికి ఒళ్లు దాన్ని ఆసరా చేసుకుంటుందన్నమాట. తల లేస్తుంది, చెయ్యి జారిపోతుంది, కాళ్లు ఇంకో జానెడు దిగుతాయి. నోట్లోంచి బుడగలేమీ రావు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల బయటికొచ్చిన అర సెకనులో వదలడం, పీల్చడం రెండూ చెయ్యాలని చూస్తారు. రెండూ సగంసగమే అవుతాయి. పది స్ట్రోకులకి (చేతి విసుర్లకి) కార్బన్ డయాక్సైడ్ లోపల పోగుపడుతుంది, ఛాతీ బిగుసుకుంటుంది, భయం వేస్తుంది. 50 మీటర్ల దగ్గర మీరు గట్టు పట్టుకోవడానికి కారణం ఇదే కావచ్చు.

చిన్నప్పుడు పొలం బావిలో మునగ బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లది ఇంకో రకం. వాళ్లకి నీళ్లంటే భయం ఉండదు, అది ఎవరూ కొనివ్వలేని ఆస్తి. తల పైకెత్తి ఈదే అలవాటు మాత్రం వాళ్లనీ వదలదు, దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడు అదే అలుపు తెస్తుంది. మీరు ఏ కోవకి చెందుతారో మీకే తెలుస్తుంది. నీళ్లంటే లోపల ఏ మూలైనా బెరుకుంటే ముందు దాని మీద పనిచేయాలి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. హైదరాబాద్‌కి చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత పట్టుకుని, 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడి వైపు పాక్ జలసంధి ఈదారు. దాదాపు 30 కిలోమీటర్లు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క, దీనితో సగం టెన్షన్ పోతుంది. హాఫ్ ఐరన్‌మ్యాన్‌లో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. మూడూ మైళ్లలో కలిపితే 70.3, ఈ రేసుని 'ఐరన్‌మ్యాన్ 70.3' అని కూడా అనేది అందుకే. ఈతకి మామూలుగా ఇచ్చే గడువు 70 నిమిషాలు. అంటే 100 మీటర్లకి 3 నిమిషాల 41 సెకన్లు. సముద్రంలో గీత గీసినట్టు ఎవరూ ఈదలేరు, అటూఇటూ పోయి 2,100 మీటర్లు అవుతుందనుకుందాం. 100 మీటర్లు 3 నిమిషాల్లో ఈదినా 63 నిమిషాలకి ఒడ్డున ఉంటారు. కాబట్టి మీ లక్ష్యం పూల్‌లో 100 మీటర్లకి 2:40 నుంచి 2:50, అదీ మాట్లాడుకుంటూ జాగింగ్ చేసినంత సులువుగా. అంతకంటే వేగం కోసం ఈ ఏడాది ఆరాటపడకండి. 3:00 నుంచి 2:30కి దిగితే మిగిలేది 9, 10 నిమిషాలు. సైకిల్ మీద గంటకి 25 కిలోమీటర్ల నుంచి 27కి పెరిగితే మిగిలేది 16 నిమిషాలు, అది తెచ్చుకోవడం కూడా మీకు తేలిక. ఈతలో మీరు సంపాదించాల్సింది ఒకటే, నీళ్లలోంచి బయటికి వచ్చేటప్పుడు ఒళ్లు తాజాగా ఉండటం.

మొదటి ఎనిమిది వారాలు వారానికి నాలుగు సార్లు దిగండి, ఒక్కోసారి 35, 40 నిమిషాలు చాలు. రెండు సార్లు గంటన్నర చొప్పున దిగడం కంటే ఇది ఎంతో మేలు. నీటి మీద పట్టు రెండు రోజులు దూరమైతే జారిపోతుంది, మొదట్లో మరీను. అలసిపోయాక చేసే ప్రతి ల్యాపూ తప్పుడు ఈతే.

ప్రతిసారీ మొదటి పది నిమిషాలు దూరం లెక్కపెట్టకండి. నడుము లోతులో నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో సన్నగా 'మ్...' అని మూలుగుతూ బుడగలు వదలండి. మూలిగితే ఊపిరి దానంతటదే ఆగకుండా పోతుంది, బిగబట్టడం కుదరదు. ఊపిరంతా అయ్యాక తల పక్కకి తిప్పి నోటితో పీల్చండి. నిలబడి ఇది సహజంగా అయ్యేదాకా ఈదుతూ చేసే ప్రయత్నం వద్దు. తర్వాత పొట్టి ఫిన్స్ (పాదాలకి తొడిగే రబ్బరు రెక్కలు) వేసుకుని పక్కకి తిరిగి పడుకోండి. కింది చెయ్యి ముందుకి చాపి, పై చెయ్యి తొడ మీద, చూపు అడుగున ఉన్న నల్ల గీత మీద, కాళ్లు మెల్లగా. ఒక పక్క 25 మీటర్లు, ఇంకో పక్క 25. బోర్ కొడుతుంది, నిజమే. కానీ నడుము నీటి పైకి రావడం అంటే ఏమిటో ఒంటికి తెలిసేది ఇక్కడే. ఫిన్స్ వాడితే మోసం చేసినట్టు అనుకునేవాళ్లున్నారు, అది పట్టించుకోకండి. పుల్ బాయ్ అనే తేలే బెండు సంగతి వేరు. తొడల మధ్య పెట్టుకుంటే కాళ్లు తేలిపోతాయి గనక అందరికీ తెగ నచ్చుతుంది, తీసేయగానే కథ మొదటికొస్తుంది. ఈ రెండు నెలలు దాన్ని ముట్టుకోకండి.

మిగతా సమయమంతా 25 మీటర్ల ముక్కలు. పదహారు సార్లు, మధ్యలో 20, 30 సెకన్ల విరామం. ఒక్కో ముక్కలో ఒక్క విషయమే పట్టుకోండి. ఈసారి తల, వచ్చేసారి బుడగలు, ఆ తర్వాత శ్వాసప్పుడు చాచిన చెయ్యి. ల్యాప్‌కి ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయో లెక్కపెట్టండి. 25 మీటర్లకి 30 పైన పడుతుంటే ఇంకా నీళ్లని తోయడం లేదు, కోస్తున్నారు. మీ పొడుగుని బట్టి 20, 24 మధ్యకి వస్తే విరామం తగ్గించుకుంటూ 50లకి వెళ్లండి. కాళ్లతో, రెండు చేతి విసుర్లకి రెండు తన్నులు, అంతే. ఇంట్లో టీవీ చూస్తూ మడమల మీద కూర్చుని పాదాలు వెనక్కి సాగదీసుకోండి, రోజూ ఐదు నిమిషాలు.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పూల్స్ చాలావరకు 12, 15 మీటర్లే. డ్రిల్స్‌కి (ఒక్కో కదలికని విడిగా సాధన చేయడానికి) అవి బంగారం, ఉదయం ఎవరూ ఉండరు కూడా. స్పీడ్ కొలవడానికి మాత్రం పనికిరావు, గోడని తన్నిన ఊపులోనే సగం దూరం పోతుంది. అందుకే వారానికి ఒకసారైనా 50 మీటర్ల పూల్‌కి వెళ్లండి, గచ్చిబౌలి స్టేడియంలో ఉంది. 50 మీటర్లలో గోడ దగ్గర దొరికే దొంగ విశ్రాంతి తగ్గిపోతుంది, మీ ఈత ఉన్నదున్నట్టు బయటపడుతుంది.

మూడో నెల చివర్లో ఆగకుండా 400 మీటర్లు రావాలి. వచ్చాక ఒక పరీక్ష పెట్టుకోండి. బాగా వార్మప్ చేసి 400 మీటర్లు మీకు చేతనైనంత వేగంగా, పదినిమిషాలు తేలిగ్గా ఈది, తర్వాత 200 మీటర్లు అంతే వేగంగా. 400కి 9:20, 200కి 4:24 పట్టిందనుకోండి. తేడా 4:56, అంటే 296 సెకన్లు. అందులో సగం 148 సెకన్లు, అంటే 100 మీటర్లకి 2:28. దీన్ని క్రిటికల్ స్విమ్ స్పీడ్ అంటారు, పరుగులో మీ థ్రెషోల్డ్ పేస్ (కష్టంగానే అయినా చాలాసేపు నిలబెట్టుకోగల వేగం) లాంటిది. వారంలో ఒక సెషన్ ఈ వేగానికి అటూఇటూగా, 100 మీటర్లు పది సార్లు, 20 సెకన్ల విరామంతో. మొదటి 100 ఏ టైమో పదో 100 కూడా అదే టైమ్ రావాలి. మొదటిది 2:10, చివరిది 2:50 వచ్చిందంటే ఆ సెషన్ వృథా అయినట్టే. మిగతా రోజులు దానికంటే 10, 15 సెకన్లు నెమ్మదిగా. ఆరు వారాలకోసారి పరీక్ష మళ్లీ పెట్టుకోండి.

ఈమధ్య చాలామంది నార్వే పద్ధతి గురించి అడుగుతున్నారు. నార్వే ట్రయథ్లెట్ క్రిస్టియన్ బ్లుమెన్‌ఫెల్ట్ 2021లో టోక్యో ఒలింపిక్స్ స్వర్ణం, 2022లో ఐరన్‌మ్యాన్ ప్రపంచ టైటిల్ గెలిచినప్పటినుంచి రోజుకి రెండు థ్రెషోల్డ్ సెషన్లు అంటూ మోజు మొదలైంది. అతను చిన్నప్పుడే ఈత పోటీల్లో పెరిగినవాడు, ఇదే అతని ఉద్యోగం, సెషన్లలో రక్తంలో లాక్టేట్ (శ్రమ ఎంతో చెప్పే పదార్థం) కొలిచే బృందం వెనకుంది. మీకు మీటింగులున్నాయి, ఇల్లుంది. వాళ్ల దగ్గర మీరు తీసుకోదగింది ఒకటే. తేలిక రోజులు నిజంగా తేలిగ్గా ఉంచుతారు.

సైకిల్, పరుగు గురించి రెండు మాటలే చెప్తాను, మీకు పునాది ఉంది. మొదటి రెండు నెలలు పరుగు వారానికి రెండుసార్లకి తగ్గించండి, ఉన్న ఫిట్‌నెస్ ఎక్కడికీ పోదు. ఆ తర్వాత మూడూ మూడుసార్లు చొప్పున. సైకిల్‌కి 2023లో తెరిచిన ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు ట్రాక్ 23 కిలోమీటర్లు ఉంది, ఎండాకాలంలో అది వరం. లాంగ్ రైడ్ అయ్యాక వెంటనే 20 నిమిషాలు పరిగెత్తడం అలవాటు చేసుకోండి. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం తింటూ తొక్కడం ప్రాక్టీస్‌లోనే చెయ్యండి. గోవా ఉక్కలో కడుపు కొత్త ఎనర్జీ జెల్స్‌ని ఒప్పుకోదు. తొక్కే ముందు, తర్వాత బరువు చూసుకుంటే గంటకి ఎంత చెమట పోతోందో తెలుస్తుంది. దాన్ని వట్టి నీళ్లతో పూడ్చకండి, ఉప్పు కూడా వెళ్లాలి. సోడియం పడిపోతే తలతిరుగుడుతో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది.

సముద్రం. యూట్యూబ్‌లో మీరు చూసే రేసుల్లో చాలావరకు వెట్‌సూట్ (చలి ఆగడానికి వేసుకునే రబ్బరు సూట్) ఉంటుంది. అది ఒంటిని తేలుస్తుంది, దిగిపోయే కాళ్లని కప్పిపుచ్చుతుంది. గోవా నీళ్లు వెచ్చన, అక్కడ వెట్‌సూట్ మాట మర్చిపోండి. ఉప్పునీరు కొంచెం తేలుస్తుంది, మీకు దక్కే సాయం అంతే. నగరం చుట్టూ ఉన్న చెరువుల్లో దిగొద్దు. కొన్ని మురికి, గండిపేట తాగునీటి జలాశయం. వానాకాలంలో సముద్రం జోలికి అసలే వెళ్లొద్దు, గోవాలోనైనా విశాఖలోనైనా. రుషికొండ ఎంత అందంగా కనిపించినా అక్కడి సుడులు, లోపలికి లాగే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. వానలు తగ్గాక లైఫ్‌గార్డ్‌లున్న చోట, ఒడ్డుకి సమాంతరంగా, నడుముకి రంగు బోయ్ (దూరానికి కనిపించే తేలే సంచి) కట్టుకుని, తోడు మనిషితో. ఒంటరిగా ఎప్పుడూ వద్దు.

ఎంత ప్రాక్టీస్ చేసినా సముద్రంలో మొదటి మూడు నాలుగు నిమిషాలు ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. కింద నల్ల గీత ఉండదు, పచ్చటి మసక తప్ప ఏమీ కనిపించదు. ఎవరి మోచెయ్యో కళ్లజోడుకి తగులుతుంది. అప్పుడు వెల్లకిలా తిరగండి. చెవులు నీళ్లలోకి వెళ్లేదాకా తల వెనక్కి వాల్చి, ఆకాశం చూస్తూ పది శ్వాసలు, వదిలేది పొడవుగా. తర్వాత తిరిగి మొదలుపెట్టండి. దీన్ని పూల్ మధ్యలో, గట్టు ముట్టుకోకుండా ప్రతివారం చెయ్యండి. అలవాటు లేకపోతే కంగారులో ఇది గుర్తుకురాదు. దారి చూసుకోవడానికి ఎనిమిది పది స్ట్రోకులకోసారి కళ్లు మాత్రమే నీటి పైకి తెచ్చి, వెంటనే తల పక్కకి తిప్పి శ్వాస. తల మొత్తం ఎత్తితే కాళ్లు మళ్లీ దిగుతాయి. మీ వేగంతోనే వెళ్తున్న ఒకరి పాదాల వెనక చేరండి. సైకిల్ మీద అలా వెనక పడితే పెనాల్టీ గానీ ఈతలో తప్పు లేదు, శ్రమ బాగా తగ్గుతుంది. గోవాలో అందరినీ ఒకేసారి వదలరు, వరసలో పంపుతారు. గబగబా వెళ్లేవాళ్లందరినీ పోనిచ్చి వెనక వరసలో నిలబడండి, మీ టైమ్ మీరు నీళ్లలో అడుగుపెట్టాకే మొదలవుతుంది.

ఇంకో మాట, దయచేసి దాటేయకండి. ట్రయథ్లాన్‌లలో జరిగే మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే, అందులోనూ ఎక్కువమంది నడివయసు మగవాళ్లు. ఈ వారమే బీపీ, ఈసీజీ చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే డాక్టర్‌కి ఆ మాట చెప్పి, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలేమో అడగండి. నీళ్లలో ఉండగా మామూలు అలుపుకి మించి ఆయాసం వచ్చి, దగ్గులో నురగ గానీ రక్తపు చార గానీ కనిపిస్తే ఒంట్లోని నీరే ఊపిరితిత్తుల్లోకి చేరుతోందని అర్థం. బీపీ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ. చెయ్యెత్తండి, పడవ వస్తుంది. పడవ పట్టుకుని ఆగినంతమాత్రాన రేసులోంచి తీసేయరు, అది ముందుకి లాగకపోతే చాలు. కానీ నురగ కనిపిస్తే రేసు అక్కడితో ఆపేసి నేరుగా ఆసుపత్రికే.

ట్రైనర్‌ని మార్చాలా అని మీరు అడగలేదు గానీ చెప్తాను. పూల్ ట్రైనర్లలో చాలామంది పిల్లలకి నేర్పి చెయ్యి తిరిగినవాళ్లు. పిల్లలు వేలసార్లు చేసి నేర్చుకుంటారు, వాళ్ల భుజాలు, చీలమండలు ఎటంటే అటు వంగుతాయి. పదిహేనేళ్లు డెస్క్ ముందు కూర్చున్న భుజానికి ఆ పద్ధతి సరిపడదు, భుజం నొప్పితో ఫిజియో దగ్గర తేలతారు. మిమ్మల్ని నీటి అడుగు నుంచి వీడియో తీసి, ఒక్క తప్పు చూపించి, దానికి ఒక్క డ్రిల్ ఇచ్చి, రెండు వారాల తర్వాత మళ్లీ వీడియో తీసేవాళ్లు దొరికితే పట్టుకోండి. ఒకే రోజు ఏడు తప్పులు చెప్పేవాళ్ల దగ్గర ఏదీ సరికాదు.

రేసుకి పది వారాల ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. అప్పటికి పూల్‌లో ఆగకుండా 1,000 మీటర్లు, ఆయాసం లేకుండా, 100 మీటర్లకి 3 నిమిషాల లోపు వస్తుంటే వెళ్లండి. అక్కడినుంచి 1.9 కిలోమీటర్లు మీకు వస్తాయి. రాకపోతే గోవాలో రిలే ఉంది, ఈత వేరేవాళ్లకి ఇచ్చి మీరు సైకిల్, పరుగు చెయ్యండి, లేదా రేసు వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి. ఫీజు పోతుందని మాత్రం సముద్రంలో దిగకండి. ఈలోపు ముందునుంచి ఒకటి, నీటి అడుగునుంచి ఒకటి, చెరి 25 మీటర్ల వీడియో తీసి పెడితే చూసి ఏం మార్చాలో చెప్తాను.